శాలువాలో కనపడని మనిషి

విశ్వవిద్యాలయంలో కొలువు ముగియడానికి నిబంధనల పుస్తకంలో ముఖ్యంగా మూడు మాటలున్నాయి: పదవీ విరమణ, రాజీనామా, తొలగింపు. మూడింటికీ కాగితం, సంతకం ఉంటాయి. ప్రొఫెసరుకైతే శాలువా, సన్మాన సంచిక అదనం. ఆ సంచికలు మేం చాలానే చదివాం. ఆయన గది ఏళ్ళ తరబడి ఊడ్చినామె పేరు ఒక్కదాంట్లోనూ కనపళ్ళేదు.

ఆమెకి నాలుగో మాట ఉంది: "రేపట్నించి రావొద్దు." చెప్పేది రిజిస్ట్రారు కాదు, కాంట్రాక్టరు. నోటిమాట మీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలి? 2006లో ఉమాదేవి కేసు తీర్పులో సుప్రీంకోర్టు, ఎన్నాళ్ళు పనిచేసినా తాత్కాలిక ఉద్యోగికి పర్మినెంటయ్యే హక్కు దానంతటది రాదంది. మంజూరైన పోస్టుల్లో పదేళ్ళు దాటినవాళ్ళకి ఒక్కసారికి వెసులుబాటిచ్చింది. కాంట్రాక్టరు మనిషికి అసలు పోస్టే లేదు. మరి ఆ పదేళ్ళు ఎక్కడ లెక్కపెట్టాలి?

1920లో అంబేద్కర్ సిడెన్‌హామ్ కాలేజీ కొలువు వదిలి లండన్ చదువుకి వెళ్ళారు. రాజీనామా అంటే పోవడానికి ఇంకో చోటుండటం. ఊడ్చే చేతులకి ఆ చోటు ఎవరు మిగిల్చారు?

తొలితరం డిగ్రీలు పట్టుకున్న మనం సెమినార్ పేపర్లతో ఆగిపోతే కుదరదు. మస్టరు రోలు కూడా మనం చదవాల్సిన గ్రంథమే. ఎవరి పేరు ఏ నెలలో ఆగిపోయిందో రాసిపెడదాం.