మూగకంటికి శస్త్రము

దివిసీమ చేలగట్లపైనను, గుడివాడ వీథులలోను, బందరు పెరళ్లలోను కాపుండు శునకమునకు నీటికాసులు ముదిరి, కన్నెఱ్ఱబాఱి, నల్లగ్రుడ్డుపై నీలిపొర క్రమ్మి, అది తలను గోడకొత్తుకొనుచు అన్నము మానినప్పుడు, ఆ మూగవేదన నెఱిఁగి శస్త్రము పట్టు పశువైద్యుని హస్తము నాకు వందనీయము. పాదరసమానమున సుమారు 10 మొదలు 25 మిల్లీమీటర్లుండవలసిన కంటియొత్తిడి మితిమీరి చుక్కల మందునకు లొంగనిచో, ఆయన మొదట విచారించునది చూపు మిగిలియున్నదా యనియే. మిగిలినచో, ద్రవము నూరించు కణజాలమును లేసరుతో కొంత దహించుటయో, సన్నని గొట్టముతో ద్రవమునకు దారి కల్పించుటయో కలదు. అవి విలువైన సాధనములను కోరు పనులు.

చూపు పోయి నొప్పి మాత్రమే మిగిలిన కంటికి, గ్రుడ్డును తొలగించుటయే తఱచు దయగల చికిత్స. 1998లో గన్నవరమున వెలసిన పశువైద్య కళాశాల వంటి చోట్ల అభ్యసింపఁదగిన ఈ పనిలోని నేర్పును చూడుఁడు: గ్రుడ్డును పట్టియుంచిన కండరముల నొకటొకటిగా విడదీసి, దృష్టినాడిని బలముగా లాగక, లాగినచో రెండవకంటికి హాని కలుగవచ్చునని యెఱిఁగి, మెల్లగా ఛేదించి, రెప్పలను కుట్టివేయును. రూపము చెడునని యజమాని సంకోచించును గాని, నొప్పి తీరిన కుక్క మరల అన్నము ముట్టును. వంశానుగతమైన వ్యాధియైనచో రెండవకంటికి ముందుగనే చుక్కలమందు వ్రాసియిచ్చి, యొత్తిడి కొలిపించుచుండుఁడని ఆయన మఱిమఱి చెప్పి పంపును.