అభిప్రాయం అడిగితే చాలా?

రాజ్యాంగం 3వ అధికరణ చెబుతుంటే మా కోయ పిల్లవాడొకడు లేచి అడిగాడు: "సార్, అభిప్రాయం అడగాలని ఉంది గదా, మరి వద్దంటే ఆపాలని ఉందా?" లేదు. రాష్ట్రం హద్దులు మార్చే బిల్లును రాష్ట్రపతి ఆ రాష్ట్ర శాసనసభకు పంపాలి, గడువు పెట్టాలి. అంతే. ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదని 1959లోనే బాబూలాల్ పరాతే కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరి 20కి పార్లమెంటు ఆమోదం పూర్తయింది. తెలంగాణ రావాలని కోరుకున్నవాణ్ణే నేను, సంతోషించాను కూడా. అయితే ఆ తేలిక పద్ధతి మూడు నెలలకే మా మీదికి వచ్చింది.

మే నెలాఖరున పోలవరం కోసం ఆర్డినెన్స్ తెచ్చి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మొత్తం పోయాయి. భద్రాచలం మండలంలో పట్టణం తప్ప మిగతాదీ, బూర్గంపాడులో కొన్ని ఊళ్లూ పోయాయి. అప్పుడు రాష్ట్రపతి పాలన. తెలంగాణ శాసనసభ ఇంకా కొలువుదీరలేదు. జూలైలో అదే చట్టమైంది. శాసనసభను అడగాలి గదా అని పార్లమెంటులో అభ్యంతరాలు వచ్చాయి, నిలవలేదు.

ఢిల్లీ తమను అడగలేదని హైదరాబాద్ నాయకులు బాధపడ్డారు, న్యాయమే. కానీ హైదరాబాద్ కోయల్ని, కొండరెడ్లని ఎప్పుడడిగింది? గిరిజన సలహా మండలి ఉంది గదా అంటారు. ఐదో షెడ్యూలు ప్రకారం గవర్నర్ మన ప్రాంతానికి నిబంధనలు చేసే ముందు ఆ మండలిని సంప్రదించాలి. హద్దులు మార్చేటప్పుడు సంప్రదించాలన్న మాట అందులో లేదు. ఇరవై మందికి మించని ఆ మండలిలో సుమారు ముప్పాతిక వంతు మన ఎమ్మెల్యేలే. వాళ్లు గట్టిగా అడ్డం తిరిగిన సందర్భం చెప్పమంటే నాకు వెంటనే గుర్తురాదు. ఇది చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది.

మాట మారిన చోటు ఒకటుంది. 1996 పెసా చట్టం భూసేకరణకు గ్రామసభను 'సంప్రదించాలి' అంది. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ముందస్తు 'సమ్మతి' కావాలంది. మా ఊళ్లో పెద్దలు కూర్చున్నప్పుడు ఒక్క ఇంటివాడు వద్దన్నా మళ్లీ ఇంకోరోజు కూర్చుంటారు. ఆ పిల్లవాడికి ఈ రెండు మాటల తేడా చెప్పడానికి నాకు ఒక పీరియడ్ చాలలేదు. రేపు బోర్డు మీద శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం గీసి, అక్కణ్ణుంచి మొదలుపెడతాను.