ఊరి పత్రిక ఛాయాచిత్రకారుడు

ఛాయాచిత్రాన్ని కళగా అంగీకరించిన విమర్శకులు సైతం వార్తాపత్రిక ఛాయాచిత్రాన్ని ఆ పంక్తిలో కూర్చుండబెట్టడానికి సంకోచిస్తారు. అందులోనూ పేటలోని పెండ్లి విందులను, సంఘాల వార్షికోత్సవాలను, పిల్లల ఆటల పోటీలను వారంవారం చిత్రించే వ్యక్తిని కళాకారుడనడం వారికి అతిశయోక్తిగా తోస్తుంది. ఈ సంకోచం ఎంతవరకు న్యాయమైనదో పరీక్షించడానికి అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో పనిచేసిన చార్లెస్ 'టీనీ' హారిస్ చిత్రసంచయం మంచి ఆధారం.

హారిస్ (1908-1998) సుమారు నాలుగు దశాబ్దాలపాటు 'పిట్స్‌బర్గ్ కొరియర్' అనే నల్లజాతివారి వారపత్రికకు చిత్రాలు తీసినాడు. ఆ పత్రికను దేశమంతటా చదివేవారు. యుద్ధరంగంలో శత్రువు మీద, స్వదేశంలో వర్ణవివక్ష మీద ఏకకాలంలో విజయం కావాలని 1942లో ఉద్యమం నడిపిన పత్రిక అది. అయినా హారిస్ పని చాలవరకు హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతివారి పేట వీధులలోనే సాగింది. డ్యూక్ ఎలింగ్టన్, లీనా హార్న్ వంటి ప్రసిద్ధులు ఆ ఊరికి వచ్చినప్పుడు వారినీ చిత్రించినాడు. క్షురకునిపై పడిన వెలుగే వారిపైనా పడింది.

నగర మేయరు డేవిడ్ లారెన్స్ అతనికి 'వన్ షాట్' అని ముద్దుపేరు పెట్టినాడు. ఇతర పత్రికలవారు బల్బు మీద బల్బు వెలిగిస్తుంటే హారిస్ ఒక్కసారి మీట నొక్కి వెళ్ళిపోయేవాడట. దీనిని ప్రతిభకు నిదర్శనంగా చెప్పుకోవడం వాడుక. నాకు ఇందులో ముందుగా కనిపించేది పొదుపు. ఫిల్ముకూ బల్బుకూ డబ్బు కావాలి కదా! ఆ తరువాత కనిపించేది పరిచయం. ఎదుట నిలిచినవారు తనను ఎరిగినవారైతే వారి ముఖం విప్పారేదాకా కాచుకొనవలసిన పని లేదు.

1955లో డబ్ల్యు. యూజీన్ స్మిత్ అనే సుప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు కొద్ది వారాల పనికి పిట్స్‌బర్గ్ వచ్చి, నెలల తరబడి నిలిచిపోయి, పదివేలకు మించి చిత్రాలు తీసినాడు. కొలిమి మంటలు కళ్ళద్దాలలో ప్రతిఫలిస్తున్న ఉక్కు కార్మికుని చిత్రం వాటిలో మిక్కిలి ప్రసిద్ధం. అద్భుతమైన చిత్రమే. కాని ఆ మనిషి పేరేమిటని చూపరి అడగడు. అడగనవసరం లేకుండా చేయడమే ఆ చిత్రం సాధించిన విజయం. హారిస్ చిత్రంలో మొదట పుట్టే ప్రశ్నే అది. మన జిల్లా పత్రికలలో సన్మానసభల చిత్రాలు చూచి నవ్వుకొనే పాఠకుడు, తన మేనమామ అందులో ఉన్ననాడు ఆ కాగితాన్ని కత్తిరించి దాచుకొంటాడు. ఊరి పత్రికలో చిత్రం, దాని కింది పంక్తి కలిసి ఒకే రచన. ముఖం దానిలో సగం, పేరు మిగతా సగం. ముఖాన్ని మాత్రమే తూచి తీర్పు చెప్పే విమర్శ సగం పుస్తకం చదివి వ్రాసిన సమీక్ష వంటిది.

హారిస్ చిత్రాలలో లోపాలు లేకపోలేదు. వరుసగా నిలబెట్టిన బృందాలు ఒకదానినొకటి పోలి ఉంటాయి. ఎదుటినుండి కొట్టే వెలుగు కొన్నిచోట్ల ముఖాలను చదును చేస్తుంది. అందరూ ఆదివారపు దుస్తులలో కనబడే పుటలు కొంత విసుగు పుట్టిస్తాయి. ఐతే ఇతర పత్రికలలో తమ ముఖం అరుదుగా, అదీ నేరవార్తల సందర్భంలో మాత్రమే చూచుకొన్న జనానికి ఆ ఆదివారపు దుస్తులు ఎంత అవసరమో కూడా గమనించాలి.

1956 నుండి నగరపాలకులు ఆ పేట దిగువభాగాన్ని కూల్చివేసినారు. సుమారు ఎనిమిదివేలమంది చెదరిపోయినారు. వారి ఇండ్లచోట కట్టిన క్రీడామందిరం 1961లో తెరచినారు. తరువాతి కాలంలో నాటకకర్త ఆగస్ట్ విల్సన్ (1945-2005) తన పది నాటకాల మాలికలో తొమ్మిదింటికి హిల్ డిస్ట్రిక్ట్‌నే రంగస్థలం చేసినాడు. నాటకకర్తకు పాత్రల పేర్లు కల్పించుకొనే స్వేచ్ఛ ఉన్నది. ఛాయాచిత్రానికి అది లేదు.

2001లో కార్నెగీ కళాప్రదర్శనశాల హారిస్ నెగటివులను, సుమారు 80,000, స్వీకరించింది. వాటిలో పేరు, తేదీ వ్రాసి ఉన్నవి అరుదు. ప్రదర్శనశాలవారు ఆ పేట వృద్ధులను పిలిచి, చిత్రాలు చూపి, ఎవరు ఎవరో చెప్పించుకొని నమోదు చేయవలసివచ్చింది. గోడకెక్కిన చిత్రానికి కింది పంక్తిని ఈ విధంగా తిరిగి వ్రాయిస్తున్నారు. ఆ పని ఇంకా పూర్తి కాలేదు. చూచి పేరు చెప్పగలవారు ఏటేట తగ్గిపోతున్నారు.