ఏ నరం, ఎక్కడ?

చెయ్యి తిమ్మిరెక్కుతోందని డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళు మామూలుగా చెయ్యంతా చూపిస్తారు. "ఇదిగో, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా" అని భుజం నుంచి వేళ్ళదాకా ఒక్కసారి నిమిరి ఊరుకుంటారు. అందులో వాళ్ళ తప్పేం లేదు. మణికట్టు దగ్గర నరం నలిగినా నొప్పి మోచేతికి, ఒక్కోసారి భుజానికీ ఎగబాకుతుంది. మెడలో డిస్కు జారి నరం మొదలును నొక్కితే, మెడలో ఏ బాధా లేకుండా బొటనవేలు మాత్రం మొద్దుబారొచ్చు. మెడ, మెడఎముక కింద, చంక, మోచేయి, మణికట్టు... ఇన్ని చోట్ల ఎక్కడ చిక్కు వచ్చినా రోగి నోట వచ్చేది ఒకటే మాట, తిమ్మిరి. ఆ మాట దగ్గర్నుంచి అసలు చోటుదాకా వెళ్ళే దారి చూపించే పుస్తకం ఒకటుంది. పేరు 'ఎయిడ్స్ టు ది ఎగ్జామినేషన్ ఆఫ్ ది పెరిఫెరల్ నెర్వస్ సిస్టమ్'. పేరే పొడుగు, పుస్తకం నూరు పేజీలైనా ఉండదు.

రాసింది వైద్య విద్యార్థుల కోసం, కుర్ర డాక్టర్ల కోసం. అయినా బొమ్మ చూసి, కింద ఉన్న రెండు ముక్కలు చదివి, తన చెయ్యి తానే తిప్పి చూసుకునే ఓపిక ఉన్నవాళ్ళెవరైనా చదవొచ్చు. ఇంత తక్కువ మాటలతో ఇంత పని చేసే వైద్య పుస్తకం నా ఎరికలో మరొకటి లేదు.

ఇది యుద్ధంలో పుట్టింది. 1940లో జార్జ్ రిడక్ బ్రిటిష్ సైన్యానికి నరాల వైద్య సలహాదారు. తూటాలూ బాంబు ముక్కలూ తగిలి చేతుల్లో, కాళ్ళలో నరాలు తెగిన సైనికుల కోసం ప్రత్యేక కేంద్రాలు కావాలనుకున్నాడు. ఎడిన్‌బరోలో సర్జరీ ప్రొఫెసర్ లెర్మంత్ తోడయ్యాడు. ఎడిన్‌బరో దగ్గర గోగర్‌బర్న్‌లో ఒకటి, గ్లాస్గో దగ్గర కిలెర్న్‌లో ఒకటి మొదలయ్యాయి. అయితే గాయపడ్డవాళ్ళందరూ అక్కడికే రారు కదా. మామూలు ఆసుపత్రుల్లోని సర్జన్ల చేతికి ఒక బొమ్మల పుస్తకం ఇవ్వాలన్నది లెర్మంత్ ఆలోచన. 1941లో నరాల డాక్టరు రిచీ రసెల్‌తో కలిసి కొన్ని ఫొటోలు తీయించారు. రసెల్ ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్ళిపోయాక ఆ చోటికి వచ్చిన మెకార్డిల్ మిగతావి పూర్తిచేశాడు. మొదట విడికాగితాలుగా ఓ ఇరవై ప్రతులు స్కాట్లండ్ సర్జన్లకు పంచారు. తర్వాత నరాల కొమ్మల పటాలు చేర్చి, 1943 నాటికి మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అచ్చువేసింది. 1972, 75 మధ్య కొత్త ఫొటోలతో తిరగరాసి పేరు మార్చారు. 1984లో దాని బాధ్యత 'బ్రెయిన్' అనే పాత నరాల వైద్య పత్రికను నడిపే సంస్థకు అప్పగించారు. ఇన్ని చేతులు మారినా పుట్టుకతో వచ్చిన గుణం పోలేదు. తొందరలో ఉన్నవాడికి, పక్కన అడగడానికి ఎవరూ లేనివాడికి చెబుతున్నట్టే ఉంటుంది.

ఒక పేజీ దగ్గరగా చూద్దాం. బొటనవేలి కొసను వంచే కండరానిది. ఫొటోలో రెండు చేతులే ఉంటాయి, రోగిదీ డాక్టరుదీ. డాక్టరు రోగి బొటనవేలి మొదటి కణుపును కదలకుండా పట్టుకున్నాడు. రోగి కొస కణుపు వంచుతుంటే దానికి ఎదురు ఒత్తుతున్నాడు. కింద కండరం పేరు, దానికి ఆజ్ఞలు మోసే నరం పేరు, ఆ నరం వెన్నుపాము నుంచి బయల్దేరే మొదళ్ళ అంకెలు, రోగి చేస్తున్న పని ఒక వాక్యంలో. అంతే.

కిటుకంతా మొదటి కణుపును పట్టుకోవడంలో ఉంది. ఊరికే బొటనవేలు వంచమంటే రోగి ఏదో విధంగా వంచి చూపిస్తాడు. ఒక కండరం పడిపోతే పక్క కండరం దాని పని తాను ఎత్తుకుంటుంది, చూసేవాడికి తెలియనివ్వదు. మొదటి కణుపు బిగించేస్తే ఆ దొంగసాయానికి దారి మూసుకుపోతుంది. కొస కణుపును వంచగలిగిన కండరం ఒంట్లో ఒక్కటే ఉంది కాబట్టి అది ఉందో లేదో తేలిపోతుంది. చూపుడువేలికీ ఇదే పద్ధతి. నడిమి కణుపు పట్టుకుని కొస వంచమంటారు. ఈ రెండు కండరాలూ మీడియన్ నరం నుంచి ముంజేతి లోతులో చీలే ఒకే కొమ్మ కింద పనిచేస్తాయి. ఆ కొమ్మ దెబ్బతింటే చర్మం మీద ఎక్కడా తిమ్మిరి ఉండదు. ముంజేతిలో నొప్పి ఉండొచ్చు. కానీ రెండు వేళ్ళ కొసలూ కలిపి గుండ్రంగా సున్నా చుట్టమంటే సున్నా రాదు. కొసలు వంగక, వేళ్ళు బల్లపరుపుగా ఒకదానికొకటి ఆనుకుంటాయి.

చాలా ఫొటోల్లో ఒక బాణం గుర్తు ఉంటుంది. కండ ఎక్కడ ఉబ్బుతుందో, స్నాయువు ఎక్కడ తాడులా లేస్తుందో చూపించే గుర్తు. బలం ఎంతుందో చూడటంతో సరిపెట్టుకోకుండా కంటితో చూడు, వేలితో తడుము అని చెప్పడం అది. భయంవల్లో నొప్పివల్లో రోగి పూర్తి బలం పెట్టకపోవచ్చు. కండ బిగుసుకుంటోందో లేదో వేలికి తెలుస్తుంది.

ముందుమాట తర్వాత వచ్చే చిన్న ఉపోద్ఘాతంలో నాకు చాలా ఇష్టమైన భాగం ఒకటుంది. కండరానికి ఒకటే పని ఉండదని చెప్పడానికి ముంజేతి లోపలి అంచున, చిటికెన వేలి వైపు దిగే ఒక్క కండరాన్ని తీసుకున్నారు. మణికట్టును లోపలికి వంచేటప్పుడు అదే పెద్ద పనివాడు. చిటికెన వేలిని పక్కకు చాచేటప్పుడు ఆ వేలి కండరం అంటిపెట్టుకున్న బఠాణీ గింజంత ఎముకను కదలకుండా పట్టి ఉంచుతుంది. మణికట్టును పైకెత్తేటప్పుడు ఎదురు లాగుతుంది. మణికట్టు కదలకుండా వేళ్ళు మాత్రమే చాచేటప్పుడు తోడుగా నిలబడుతుంది. నాలుగు పాత్రలు, ఒక కండరం, ఒక పేరా. వేరే పుస్తకాలు నిర్వచనాలతో నింపే రెండు పేజీల పాఠం ఇక్కడ తన మణికట్టు మీద చెయ్యేసుకుని చదివినవాడికి ఇట్టే ఎక్కుతుంది.

ప్రపంచమంతా ఈ పుస్తకం నుంచి ఎత్తుకున్నది మాత్రం కండబలానికి వేసే మార్కులు. కండ అసలు బిగుసుకోకపోతే 0. కండ అదిరితే 1. బరువు లేకుండా, అంటే చెయ్యి బల్లమీద ఆనించి పక్కకు జరపగలిగితే 2. భూమి ఆకర్షణకు ఎదురుగా ఎత్తగలిగితే 3. మన చేతి ఒత్తిడికి కూడా ఎదురొడ్డితే 4. మామూలుగా ఉంటే 5. 3 దగ్గరి తెలివి చూడండి. పరికరం లేదు, తూకం రాళ్ళు లేవు. ఏ ఊళ్ళోనైనా, ఏ మంచం పక్కనైనా ఒక్కలా ఉండే భూమి ఆకర్షణనే కొలతగా పెట్టుకున్నారు. లోపం కూడా అక్కడే ఉంది. 3కీ 5కీ మధ్య ఉన్న మేరంతా 4లోనే ఇమిడిపోవాలి. కొద్దిగా తగ్గిన బలమూ 4, సగానికి సగం పడిపోయిన బలమూ 4. పక్కన కూడిక, తీసివేత గుర్తులు పెట్టుకోవచ్చని పుస్తకమే సర్దుబాటు చేసింది గాని, ఇద్దరు డాక్టర్లు వేసే 4లు ఒకటి కావడం అరుదు.

ఇక దీని అసలు పనితనం పేజీల్లో కాదు, పేజీకీ పేజీకీ మధ్య ఉంది. వీధిలో కరెంటు పోతే ఏయే ఇళ్ళల్లో పోయిందో చూసి లైన్‌మన్ ఏ స్తంభం ఎక్కాలో తేల్చుకున్నట్టు, ఈ పుస్తకం పనిచేసేచోటునూ పనిచేయనిచోటునూ పక్కపక్కన పెట్టి చూడమంటుంది.

చిటికెన వేలు తిమ్మిరనుకుందాం. మోచేయి కిటికీకి ఆనించి బండి నడిపేవాళ్ళకూ, చెయ్యి మడిచి గంటలకొద్దీ ఫోను చెవికి పెట్టుకునేవాళ్ళకూ తెలిసిన బాధే. మోచేతి వెనక ఎముకల సందులో అల్నార్ నరం చర్మం కిందే ఉంటుంది, దెబ్బ తగిలితే జివ్వుమనేది అదే. కానీ మెడలో కిందివైపు సి-8 అనే నరం మొదలు నొక్కుకున్నా చిటికెన వేలే మొద్దుబారుతుంది. రెండూ ఒకలాగే మొదలవుతాయి. ముందు ఉంగరపు వేలు చూడాలి. అల్నార్ నరానిదైతే చాలామందిలో తిమ్మిరి ఆ వేలిని నిలువునా రెండుగా చీలుస్తుంది. చిటికెన వేలి వైపు సగం మొద్దు, రెండో సగం మామూలు. మెడలోని మొదలుకు ఈ గీత తెలియదు. తర్వాత చెయ్యి తిరగేసి వెనక వైపు చూడాలి. ఆ చర్మానికి వెళ్ళే అల్నార్ కొమ్మ మణికట్టుకు కొన్ని అంగుళాల పైనే విడిపోతుంది. అందువల్ల వేళ్ళు మొద్దుబారి, చెయ్యి వెనక భాగం బాగుంటే చిక్కు మణికట్టు దగ్గర. రెండూ మొద్దుబారితే ఇంకా పైన, ఎక్కువగా మోచేతి దగ్గర. పుస్తకం అల్నార్ నరానికి ఒక పటం కాదు, మూడు పటాలు వేసింది. ఏ కొమ్మ విడిపోకముందు దెబ్బ తగిలితే ఎంత మేర, విడిపోయాక తగిలితే ఎంత మేర అని.

ఇంతటితో ఆగదు. ముంజేతి లోపలి అంచు చర్మం మొద్దుబారిందా? ఆ చర్మం అల్నార్ నరానిది కానే కాదు. దానికి వేరే నరం చంక నుంచే బయల్దేరుతుంది. అక్కడ తేడా ఉంటే మోచేతిని వదిలి మెడవైపు, మెడఎముక కిందివైపు చూడాలి. ఆఖరి పరీక్ష నాకు అన్నిటికన్నా అందంగా కనిపిస్తుంది. చూపుడువేలిని పక్కకు జరిపే కండ అల్నార్ నరానిది. బొటనవేలిని అరచేతి మీంచి నిటారుగా పైకి లేపే కండ మీడియన్ నరానిది. నరాలు వేరు, అధ్యాయాలూ వేరు. కానీ రెండింటి కింద అచ్చయిన మొదళ్ళు ఒకటే, సి-8, దాని కిందిదైన టి-1. మొదటిదే బలహీనపడితే దోషం అల్నార్ నరంలో. రెండూ పడిపోతే ఆ రెండు నరాలూ ఇంకా విడిపోని చోట, అంటే మెడ దగ్గర వెతకాలి. రెండు వేళ్ళు కదిపించి, మోచేయా మెడా అన్నది దాదాపుగా తేల్చెయ్యొచ్చు.

అర్ధరాత్రి చెయ్యి మంటలెత్తి మెలకువ రావడం, లేచి కూర్చుని చెయ్యి విదిలిస్తే తగ్గడం వేరే కథ. అది చాలాసార్లు మణికట్టులో మీడియన్ నరం నలగడం. ఎముకల గాడి మీద గట్టి పట్టీ కప్పిన ఇరుకు దారిలో తొమ్మిది స్నాయువులతో పాటు ఆ నరమూ దూరి వెళ్ళాలి. గర్భిణులకు, థైరాయిడ్ తగ్గినవాళ్ళకు, షుగరున్నవాళ్ళకు అక్కడ ఇరుకు మరింత పెరుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారతాయి. అరచేతిలో బొటనవేలి మొదట్లోని మెత్తటి కండ మీది చర్మం మాత్రం బాగుంటుంది, దానికి వెళ్ళే కొమ్మ ఆ ఇరుకులో దూరకుండా పైనుంచే దాటిపోతుంది కాబట్టి. పుస్తకంలో పక్కపక్కన రెండు చేతుల పటాలు, ముంజేతిలో దెబ్బకు ఒకటి, మణికట్టులో దెబ్బకు ఒకటి. తేడా ఆ కాస్త చర్మమే.

ఈ పటాల కింద రాసిన మాటల జాగ్రత్త కూడా చూడదగ్గది. ఇక్కడ స్పర్శ పోతుందని ఎక్కడా గట్టిగా అనరు. మార్పులు కనిపించడానికి వీలున్న ఉజ్జాయింపు మేర అంటారు. నరాల సరిహద్దులు మనిషికీ మనిషికీ మారతాయి, ఒకదాని మీదికి ఒకటి పాకుతాయి. నరం తెగితే స్పర్శ ఏమవుతుందో తేల్చుకోవడానికే 1903లో లండన్ డాక్టరు హెన్రీ హెడ్ తన ఎడమ ముంజేతిలో రేడియల్ నరం చర్మపు కొమ్మను తానే కోయించుకున్నాడు. స్పర్శ ఎలా తిరిగొస్తుందో మిత్రుడు రివర్స్ కేంబ్రిడ్జిలో నాలుగేళ్ళకు పైగా కొలిచాడు. ఆ హెడ్ దగ్గర పనిచేసినవాడే రిడక్. అరిచేతి పటం కింద ఒక మెత్తటి మాట పడటం వెనక ఇంత ఉంది.

పుస్తకం చెప్పనిది కూడా చాలా ఉంది. ఎక్కడ అన్నదే దాని పని, ఎందుకు అన్నది కాదు. షుగరు వల్లనా, థైరాయిడ్ వల్లనా, ఎముక నొక్కడం వల్లనా అన్నది డాక్టరు వేరే తేల్చుకోవాలి. మన తెలుగు జిల్లాల్లో పనిచేసే డాక్టరైతే మోచేతి వెనక నరాన్ని వేళ్ళతో దొర్లించి, లావెక్కిందేమో చూడటం మానకూడదు. కుష్ఠు ప్రజారోగ్య సమస్య కాదని 2005లో దేశం ప్రకటించినా కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి, చిటికెన వేలు మొద్దుబారడంతోనే అది బయటపడొచ్చు. నరాల్లో కరెంటు వేగం కొలిచే పరీక్షా, ఎమ్మారై స్కానూ వచ్చాక ఈ చేతిపని ఎందుకనేవాళ్ళూ ఉన్నారు. వయసు మీదపడ్డ మెడను స్కాన్ చేస్తే ఏ బాధా లేనివాళ్ళలోనూ డిస్కు ఉబ్బెత్తు కనిపిస్తుంది. మణికట్టులో ఉన్న జబ్బుకు మెడ ఫొటో చూసి మందిచ్చిన కేసులు ఈ వృత్తిలోవాళ్ళందరికీ తెలిసినవే.

చివర్లో ఒక పట్టిక ఉంది. మామూలుగా పరీక్షించే కదలికలు, వాటి మొదళ్ళు, నరాలు, కండరాలు. అందులో ఒక సన్నటి గడి మాత్రం చేతి నరాలది కాదు. మెదడులోనో వెన్నుపాములోనో దెబ్బ తగిలితే ముందుగా సడలిపోయే కదలికలకు అక్కడ కూడిక గుర్తు పెట్టారు. భుజం పక్కకు ఎత్తడం అలాంటిదే. నరాల మీద ఇన్ని పేజీలు రాసినవాళ్ళు ఇది నరం కాకపోవచ్చు సుమా అని ఒక గడి వదిలారు. చెయ్యి ఉన్నట్టుండి పడిపోయి, మూతి వంకర పోయి, మాట తడబడితే ఈ పుస్తకంలో వేలి పరీక్షలు వెతుక్కోకుండా 108కి ఫోను చెయ్యాలి. చేతులు రెండూ మొద్దుబారుతూ నడక తడబడుతుంటే మోకాలి కింద సుత్తితో కొట్టి చూసి, మెడలో వెన్నుపాము నొక్కుకుందేమో ఆ వారంలోనే తేల్చుకోవాలి.