ఫిలేమోను పత్రికలో సమాధానపరచువాడు: మన ప్రసంగాలపై ఒక విమర్శ

సంఘములో తగవు వచ్చినప్పుడు కాపరులు సాధారణంగా రెండు వాక్యభాగాలను ఆశ్రయిస్తారు. ఒకటి మత్తయి 18:15-17, రెండవది ఫిలేమోను పత్రిక. ఈ రెండవదానికి మన ప్రసంగ వేదికల మీద ఒక వ్యాఖ్యానము స్థిరపడిపోయింది. ఒనేసిము యజమాని సొమ్ము దొంగిలించి పారిపోయాడు, పౌలు ద్వారా మారుమనస్సు పొందాడు, తిరిగి వెళ్లి క్షమాపణ కోరి లోబడ్డాడు. కాబట్టి తప్పు చేసినవాడు తగ్గించుకొని వెళ్లాలి. ఈ వ్యాఖ్యానానికి పత్రికలో ఆధారము చాలా తక్కువ. పైగా అది సమాధానపరచు పరిచర్యకే హాని చేస్తున్నది.

ముందు దొంగతనము సంగతి చూద్దాం. 18వ వచనములో ఉన్నది షరతు వాక్యము. ఒనేసిము ఏదైనా నష్టము చేసియుంటే, ఏదైనా బాకీ ఉంటే అని పౌలు అన్నాడే గాని దొంగిలించాడని అనలేదు. పారిపోయాడన్న మాట ఈ 25 వచనాలలో ఎక్కడా లేదు. క్రిసొస్తొము కాలము నుండి వ్యాఖ్యాతలు ఆ ఖాళీని అలా పూరించారు. 1985లో జర్మన్ పండితుడు పేటర్ లాంపె మరొక మార్గము చూపాడు. యజమానితో చిక్కులో పడిన దాసుడు మధ్యవర్తిత్వము కోరి యజమాని స్నేహితుని వద్దకు వెళితే, రోమా న్యాయవేత్తలు అతనిని పారిపోయినవానిగా ఎంచలేదు. ఒనేసిము అలా వెళ్లియుండవచ్చునని ఆయన వాదన. ఇదీ ఊహయే. అయితే దొంగతనమూ ఊహయే. దానిని వేదిక మీద వాస్తవముగా ప్రకటిస్తూ, ఎదుట లేని ఒక దాసుని మీద మనము నేరము మోపుతున్నాము.

ఇంతకంటే ముఖ్యమైనది, పౌలు ఎవరి మీద ఒత్తిడి పెట్టాడన్న ప్రశ్న. పత్రికలో ఒనేసిముకు ఒక్క ఆజ్ఞ కూడా లేదు. అతడు క్షమాపణ కోరినట్టు లేదు. ఫిలేమోనును "క్షమించు" అని అడిగిన మాట సహితము లేదు! తనను చేర్చుకొన్నట్టే ఒనేసిమును చేర్చుకొమ్మని మాత్రమే పౌలు అడిగాడు. అదీ చాటుగా కాదు. అప్ఫియ, అర్ఖిప్పు, ఆ ఇంట కూడుకొనే సంఘము కూడా ఈ పత్రికకు చిరునామాదారులే. ఆజ్ఞాపించగలిగినా ప్రేమనుబట్టి వేడుకొంటున్నానని మృదువుగా అంటూనే, బలము గలవానిని పౌలు సంఘము ఎదుట నిలబెట్టాడు. నష్టము ఏదైనా ఉంటే తానే తీర్చెదనని స్వహస్తముతో వ్రాసియిచ్చాడు. మధ్యవర్తి తన చేతి డబ్బు పెట్టడము మన పంచాయితీలలో ఎప్పుడైనా చూశామా?

మన సంఘాలలో జరిగేది చాలాసార్లు దీనికి తలక్రిందులు. కూలి డబ్బు ఎగ్గొట్టినవాడు సంఘ పెద్ద అయినప్పుడు, మత్తయి 18 చూపించి "ముందు నీవు ఒంటరిగా వెళ్లి మాట్లాడు" అని కూలివానికే చెబుతాము. భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీకి సహనము బోధించి, చేతులు కలిపించి, ప్రార్థన చేసి, సమాధానమైపోయిందని ప్రకటిస్తాము. తెలుగులో సమాధానము అంటే శాంతి మాత్రమే కాదు, జవాబు కూడా. కొట్టినవాడు, ఎగ్గొట్టినవాడు దేనికీ జవాబు చెప్పకుండానే మనము ముగించేది ఏ సమాధానమో విద్యార్థులు ఆలోచించాలి.

ఈ పత్రికను బలహీనుని మీద ప్రయోగించడము కొత్తేమీ కాదు. 1830ల దశకములో అమెరికాలోని జార్జియాలో, తానే బానిసల యజమాని అయిన ప్రెస్బిటేరియన్ బోధకుడు చార్లెస్ కోల్‌కాక్ జోన్స్, ఈ పత్రిక ఆధారముగా పారిపోవడాన్ని ఖండిస్తూ బానిసలకు ప్రసంగించాడు. సగము మంది లేచి వెళ్లిపోయారని, మిగిలినవారిలో కొందరు అలాంటి పత్రిక బైబిలులోనే లేదన్నారని ఆయనే తరువాత నివేదికలో వ్రాశాడు. చదువు నిరాకరించబడిన ఆ శ్రోతలు ఆ బోధకుని కంటే మంచి విమర్శకులు.

అయితే లోపమంతా వ్యాఖ్యాతలదే అనలేము. పత్రికలో ఒనేసిము స్వరము మనకు వినబడదు. 16వ వచనములో ఇకమీదట దాసునిగా కాక ప్రియ సహోదరునిగా అన్న పౌలు, విడుదల చేయుమని సూటిగా అడగలేదు. అడిగినదానికంటే ఎక్కువే చేస్తావన్న సూచనతో ఆగిపోయాడు. ఆ సందిగ్ధములోనే జోన్స్ వంటివారికి చోటు దొరికింది. పౌలును సమర్థించే తొందరలో దీనిని దాచిపెట్టడము పరిశోధన అనిపించుకోదు.

చివరగా 22వ వచనము. తనకొరకు బస సిద్ధము చేయుమన్న ఆ మాటను వ్యాఖ్యానాలు ఎక్కువగా మర్యాద మాటగా దాటేస్తాయి. కాని పౌలు ఆ ఇంటికి వస్తానంటున్నాడు. వచ్చినప్పుడు ఒనేసిము ఆ ఇంట ఎక్కడ కూర్చుంటున్నాడో, ఎవరితో భోజనము చేస్తున్నాడో ఆయన కళ్లారా చూస్తాడు. ఫిలేమోనుకు ఆ సంగతి తెలుసు.