దమనకుడికి పడిన శిక్ష

పోలవరం జమీందారు కొచ్చెర్లకోట రామచంద్ర వేంకటకృష్ణారావు గారికి సాహిత్యమంటే ప్రాణం. 'సరస్వతి' పత్రిక నడిపారు. ఎడ్విన్ ఆర్నాల్డ్ 1879లో బుద్ధుడి మీద రాసిన ఇంగ్లీషు కావ్యాన్ని తిరుపతి వేంకట కవుల చేత తెలుగు చేయించారు. అదే 'బుద్ధచరిత్రము'. మన నేల మీద పుట్టిన కథ లండనులో అచ్చయి, ఇంగ్లీషు మీదుగా మళ్లీ గోదావరి గట్టుకి చేరింది. మా ఊళ్లో కూర్చుని అనువాదాలు చేసుకునే నాకు ఆ పుస్తకం మీద ప్రత్యేకమైన మమకారం.

ఇంతకంటే చాలా దూరం తిరిగిన కథ పంచతంత్రం. ఆరో శతాబ్దంలో ఇరాన్ చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ కొలువులోని బుర్జోయ్ అనే వైద్యుడు దాన్ని పహ్లవీలోకి, అంటే ఆనాటి పారసీలోకి, తెచ్చాడు. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్నుల్ ముకఫ్ఫా అరబ్బీ చేశాడు. ఆయన పుట్టుకతో పారసీకుడే. తర్వాత ఆ పహ్లవీ ప్రతి కాలగర్భంలో కలిసిపోయింది. అందుకే పన్నెండో శతాబ్దంలో గజనీ ఆస్థానంలో నస్రుల్లా మున్షీ ఈ కథల్ని మళ్లీ పారసీలో చెప్పాలనుకున్నప్పుడు అరబ్బీ గడప తొక్కక తప్పలేదు.

పంచతంత్రంలోని మన నక్కలు కరటక దమనకులు అరబ్బీలో కలీలా, దిమ్నా. పేర్ల సంగతి అలా ఉంచుదాం. మిత్రభేదంలో దమనకుడు చాడీలు చెప్పి సింహానికీ సంజీవకుడనే ఎద్దుకీ మధ్య పగ రగిలిస్తాడు. పాపం సంజీవకుడు చచ్చిపోతాడు. దమనకుడేమో మంత్రిగిరీ వెలగబెడతాడు. ఈ కథలు చెప్పే విష్ణుశర్మ ఎదుట కూర్చున్నవాళ్లు రేపు రాజ్యమేలాల్సిన పిల్లలు. కొలువుల్లో ఇలాంటివాళ్లు నెగ్గుకొస్తారు, కనిపెట్టుకుని ఉండండని ఆయన వాళ్లకి చెబుతున్నాడు.

అరబ్బీలో కథ అక్కడితో అయిపోదు. దిమ్నాని పట్టుకుని విచారణ జరుపుతారు. వాడు గడుసుగా వాదిస్తాడు, ఎదుటివాళ్ల మాటల్నే పట్టుకుని తిప్పికొడతాడు. చివరికి సాక్ష్యం దొరికి, మరణశిక్ష పడుతుంది. ఈ అధ్యాయం సంస్కృతంలో లేదు. ఇబ్నుల్ ముకఫ్ఫాయే చేర్చాడని పండితుల్లో ఎక్కువమంది మాట.

ప్రస్తుతం నేను నస్రుల్లా పారసీ నుంచి తెలుగు చేస్తున్నది ఆ అధ్యాయాన్నే. పారసీ పెద్దయ్యాక నేర్చుకున్నాను. అరబ్బీకి నిఘంటువు పక్కన ఉండాల్సిందే. చేస్తున్నకొద్దీ దిమ్నా వాదన పటుత్వం చూసి ముచ్చటేస్తుంది. అయినా ఆ అధ్యాయాన్ని అనువాదమనను, ఇబ్నుల్ ముకఫ్ఫా సొంత రచన అంటాను. రాజనీతి చెప్పే పుస్తకాన్ని అది న్యాయం వైపు మళ్లించింది. ఇబ్నుల్ ముకఫ్ఫా కూడా అధికారుల ఆగ్రహానికి గురై బస్రాలో చిన్న వయసులోనే చంపబడ్డాడు. కొలువులో చాడీ ఏం చేస్తుందో దగ్గరగా చూసినవాడు, చాడీకోరుకి శిక్ష పడకుండా కథ ముగించలేకపోయాడని నాకనిపిస్తుంది.

నస్రుల్లా మున్షీతో వచ్చే చిక్కు వేరు. ఇబ్నుల్ ముకఫ్ఫా అరబ్బీ వచనం తేటగా ఉంటుందని పేరు. దాన్ని పారసీ చేస్తూ నస్రుల్లా మధ్యమధ్య అరబ్బీ పద్యాలు, సామెతలు, ఖురాన్ వాక్యాలు పొదిగాడు. ఆనాటి పారసీ చదువరికి అరబ్బీ, మనకి సంస్కృతం ఎలాగో అలాగ. హరికథ మధ్యలో దాసుగారు శ్లోకం ఎత్తుకోగానే సభ సర్దుకుని కూర్చున్నట్టే, ఆ వచనంలో అరబ్బీ పద్యం రాగానే మాటకి పెద్దరికం వస్తుంది. అదే తర్వాతివాళ్లకి భారమైంది. పదిహేనో శతాబ్దం చివర హెరాత్‌లో కాషిఫీ, నస్రుల్లా వచనంలో అరబ్బీ ఎక్కువై కొరుకుడు పడటం లేదని తిరగరాశాడు. ఆయన శైలి మరింత అలంకారాల మయమైంది. అక్బరు మళ్లీ 1588లో అబుల్ ఫజల్ చేత దాన్ని తేలిక చేయించాల్సి వచ్చింది.

తెలుగులో ఆ పెద్దరికాన్ని ఎలా తేవాలి? అరబ్బీ పద్యాల్ని సంస్కృత సమాసాల్లో పెడితే ఎత్తు వస్తుంది గానీ, వెంటనే పురాణం వాసన కూడా వస్తుంది. గజనీ కొలువు కాస్తా నైమిశారణ్యమైపోతుంది. బాగా ఆలోచించి ఆటవెలదిని పట్టుకున్నాను. వేమన పుణ్యమా అని ఆ నడక తెలియని తెలుగు చెవి లేదు. వచనంలోంచి పద్యంలోకి వచ్చామని పాఠకుడికి తెలుస్తుంది, మాటలు మాత్రం తెలుగువే ఉంటాయి. ఖురాన్ వాక్యాల్ని ఛందస్సులో ఇరికించను. వచనంలోనే ఉంచి, ఖురాన్‌లోవని అక్కడే చెబుతాను.

ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో పాఠకుడికి చెప్పడంలో నాకు గురువు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఉమర్ ఖయ్యాం పారసీ పద్యాల్ని ఇంగ్లీషు చేసిన ఫిట్జెరాల్డ్ ఎక్కడెక్కడివో రుబాయీల్ని కలిపి, ఒక రోజు నడిచిన తీరులో వరస పెట్టాడు. లోకం దాన్నే ఖయ్యాం అనుకుంది. దాసుగారు 1932లో తెచ్చిన పుస్తకంలో పారసీ మూలం, ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు, తన సంస్కృతం, తన అచ్చతెలుగు అన్నీ కలిపి ఇచ్చారు. ఎవరు ఎక్కడ ఎంత జరిగారో పాఠకుడే సరిచూసుకోవచ్చు. అనువాదకుడు పాఠకుణ్ణి అంతగా గౌరవించడం నేను మరోచోట చూడలేదు. పిఠాపురంలో ఉమర్ ఆలీషా గారు కూడా ఖయ్యాంని నేరుగా పారసీ నుంచే తెచ్చారు. ఈ జిల్లాల్లో అంతటి చదువు ఉండేది. ఇప్పుడొచ్చే అనువాదాల్లో చాలావాటికి, ఏ భాష మీదుగా వచ్చాయో కూడా అట్ట మీద ఉండదు. పాఠకుడికి ఆ మాత్రం చెప్పకపోవడం అన్యాయం.

నా పుస్తకంలో మొదటి పేజీలోనే సంస్కృతం, పహ్లవీ, అరబ్బీ, పారసీ, తెలుగు అని దారంతా వేస్తాను. దిమ్నా విచారణ మొదలయ్యేచోట, ఇక్కణ్ణుంచి విష్ణుశర్మ చెప్పింది కాదని ఒక వాక్యం ఉంటుంది. దాన్ని పేజీ అడుగున చిన్న అక్షరాల్లోకి నెట్టకుండా, కథ అచ్చయిన అక్షరాల్లోనే వేయమని ప్రచురణకర్తని అడిగాను.