నల్లమల తల్లీ, నీ గడ్డలు తవ్వే చేతులేవి?

నల్లమలా! కర్నూలు మెట్టల మీంచి కడప సీమ దాకా కొండ మీద కొండగా ఒరిగిన తల్లీ! నేలకింద నువ్వు దాచిన కూటికుండలు ఇంకెవరి కోసమమ్మా? బైర్లూటి, నాగలూటి, పెచ్చెరువు చెంచుగూడేల్లో నీ గడ్డ కాలిన కమ్మదనం ఏ గాలికి కొట్టుకుపోయింది?

వానల్లో చెట్టెక్కిన తీగ చలికాలానికి ఆకు రాల్చి, కొమ్మకు ఒట్టి పోగై వేలాడుతుంది. చెంచు అవ్వ చూపు ఆ పోగు వెంట జారి నేలకు దిగుతుంది. దిగినచోట పలుగు పోటు పడుతుంది. రాయి అడ్డొస్తే పక్కకు తిరిగి, మన్ను దోసిట తోడి, మోచెయ్యి మునిగి, జబ్బ మునిగాక గడ్డ చేతికందుతుంది. అందిందంతా పెకిలించుకుపోదు అవ్వ. తీగ మొదలున్న తలభాగాన్ని గుంటలోనే ఉంచి మన్ను కప్పుతుంది. వచ్చే వానకు అది మళ్లీ మొలవాలి. నాగలి తగలని సేద్యం, అప్పు తేని విత్తనం, కంచె ఎరగని పొలం!

ఒక తీగది అయిదు రేకుల ఆకు. ఒక తీగకు ఆకులు ఎదురెదురుగా పుడతాయి. ఇంకో తీగ ఆకుపంగల్లోనే గడ్డలు కాస్తుంది. వృక్షశాస్త్రం వీటన్నిటినీ డయాస్కోరియా అనే ఒకే కుదురుకు చేర్చింది. నిప్పుల్లో కాల్చేదేదో, ఉడకేసేదేదో, ముక్కలు కోసి నీళ్లలో చేదు వదలగొట్టేదేదో అవ్వ నాలుకకే తెలుసు. కృష్ణ ఆవలి ఒడ్డున అమ్రాబాద్ చెంచుల నడుమ తిరిగిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో అచ్చువేసిన పుస్తకంలో వాళ్ల బతుకును నిలబెట్టింది ఈ అడవిగడ్డలే. 1876-78 ధాత కరువులో సీమ పల్లెలు పిట్టల్లా రాలిపోయాయి. అలాంటి కాలాల్లో అడవినెరిగినవాడికి ఆసరా ఆ మట్టిలోనే ఉండేది.

అహోబిలం నరసింహుడు ఈ గూడేలకు బావ. చెంచులక్ష్మిని చేపట్టి చుట్టమయ్యాడు. కనుమనాడు పారువేట పల్లకీ కదిలితే చెంచులు నేటికీ విల్లంబులతో ఎదురొస్తారు. దేవుడికి పిల్లనిచ్చిన ఇంటివాళ్ల కూడు ఈనాడు ఏ పండగ విస్తట్లోనూ కనబడదు. కడుపు తరుక్కుపోతుంది.

రేషన్ బియ్యం ఆకలి తీర్చింది, దాన్ని తిట్టను. పిల్లలు హాస్టల్లో చదువుతున్నారు, ఆ బడి చల్లగుండాలి. పులుల కోసం గీసిన హద్దులకూ కారణముంది. కానీ ఇన్ని మంచి మాటల మధ్య అవ్వ వెంట అడవికి నడిచే మనవరాలు లేకుండా పోయింది. సంతలో ఉర్లగడ్డ రాశులుగా పోసి ఉంది, పక్కనే చెంచుగడ్డకు చోటు లేదు.

ఆ ఉర్లగడ్డ పుట్టిల్లు ఆండీస్ కొండలు. పెరూ దేశంలో కుస్కో దగ్గరి రైతులు తమ తాతల నాటి రకాలను తిరిగి అడిగారు. లిమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం 2004లో ఒప్పందం రాసి, తన దగ్గర దాచిన ఆ రకాలను వెనక్కిచ్చింది. ఆ గడ్డలు మళ్లీ వేళ్లూనాయంటే, వాటిని నాటి వండుకునే నేర్పు ఆ కొండల్లో ఇంకా బతికి ఉండబట్టే. నల్లమలలో తీగ ఉన్నా, తలభాగం మట్టికి వదిలే ఆ మనసు తరిగిపోతోంది. దాన్ని ఏ చలిగిడ్డంగిలో దాస్తాం?

అడవి ఫలసాయం మీద చెంచులకు 2006 అటవీ హక్కుల చట్టం హక్కునిచ్చింది. ఆ హక్కు కాగితం దాటి పలుగు పట్టుకోవాలి. చలికాలం సెలవుల్లో పిల్లలు అవ్వల వెంట గడ్డకు పోవాలి. ఆశ్రమ పాఠశాల పళ్లెంలో ఆ గడ్డ గౌరవంగా వడ్డించాలి. అవ్వలుండగానే ఈ పని జరగాలి. వాళ్లు పోయాక మనకు మిగిలేది ఏడుపొక్కటే.